ఇల్లు అమ్మకం, మూడవ పాఠం: కంచె చెప్పే కొలత, కాగితం చెప్పే కొలత

ఈ పాఠంలో ధర నిర్ణయించుకోవడం గురించి రాయవలసి ఉంది. కానీ రెండవ పాఠం చదివి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించుకున్నవారి ఉత్తరాలు చూసిన తరువాత ధర సంగతి వాయిదా వేయక తప్పలేదు. ఈసీలో ఏ లావాదేవీ కనబడలేదు గనుక ఇక తమ ఇంటికి అడ్డు లేదని చాలామంది నిశ్చింత పడ్డారు. ఆ నిశ్చింతతోనే ఇద్దరు బయానా కూడా తీసుకున్నారు. ఈసీ తీయమన్నానే గాని దేనితో వెతికించాలో నేను చెప్పలేదు. ఆ లోపం నాదే కాబట్టి ముందు దాన్ని సరిదిద్దుతాను.

అమలాపురం దగ్గరి పాఠకులొకరు పంచాయతీ పన్ను రసీదు మీద ఉన్న ఇప్పటి డోరు నంబరుతో వెతికించారు. ఏమీ రాలేదు. కొనేవారి వకీలు అదే ఇంటికి పాత డోరు నంబరుతోనూ, సర్వే నంబరుతోనూ వెతికించగా, తండ్రిగారి కాలంలో ఒక సహకార సంఘానికి రాసిచ్చిన తనఖా బయటపడింది. అప్పు ఎన్నడో తీరిపోయింది, రసీదు కూడా ఇంట్లోనే ఉంది, కానీ ఆ తనఖా తీరినట్లు రిజిస్టరు కాలేదు. ఇలాంటిది అమ్మేవారికి ముందే తెలిస్తే సంఘం చుట్టూ నాలుగుసార్లు తిరిగితే సరిపోయే పని. కొనేవారు కనిపెట్టినప్పుడు మాత్రం అదే పని అనుమానంగా మారుతుంది, బయానా వెనక్కి అడిగేదాకా పోతుంది.

కాబట్టి దస్తావేజు షెడ్యూలులో రాసిన పాత డోరు నంబరు, ఇప్పటి డోరు నంబరు, సర్వే నంబరు, ఈ మూడింటితోనూ విడివిడిగా వెతికించండి. 1983కు ముందటి లావాదేవీలు కంప్యూటరులో దొరకవు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళన్నీ ఒకే సర్వే నంబరు కింద ఉండే పాత నివాస స్థలంలో, ఇల్లు ఉన్నవారికి సర్వే నంబరుతో వెతికితే ఊరిలో సగం ఇళ్ళ లావాదేవీలు వచ్చి పడతాయి. అక్కడ నాలుగు హద్దులే దారి చూపాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను చూసినంతలో గోదావరి డెల్టాలో ఇంటి బేరాలు చెడడానికి ధర ఎక్కువ కావడం కంటే పెద్ద కారణం మరొకటి ఉంది. అది ఇంటి యజమాని కంచె వెంబడి నడిచి గజాలు చెప్పడం. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క అలవాటు పోదు, అందుకే దీని గురించి కాస్త విస్తారంగా రాస్తున్నాను.

మన ఊళ్ళలో పెరటి వైపు పంట కాలువో, బోదో, మురుగు కాలువో లేని వీధి అరుదు. తరాల తరబడి ఆ గట్టు మీద అరటి, మునగ పెంచి, ఆ పైన కంచె జరిపి, చివరికి ఒక కొబ్బరి మొక్క నాటి ఉంటాము. ఇప్పుడు ఆ చెట్టు మనదే అనిపిస్తుంది, చెట్టు నిలిచిన నేల కూడా మనదే అనిపిస్తుంది. ఉదాహరణకు పాలకొల్లు వైపు ఒక ఇల్లు ఉందనుకుందాం. దస్తావేజు ప్రకారం అది 5 సెంట్లు, అంటే 242 గజాలు, వెడల్పు 33 అడుగులు, పొడవు 66 అడుగులు. పడమటి కంచె మాత్రం గట్టు మీదికి 6 అడుగులు జరిగి ఉంది. ఇప్పుడు కొలిస్తే 33 అడుగులకు 72 అడుగులు, అంటే 264 గజాలు వస్తాయి. యజమాని గజం 15,000 రూపాయల చొప్పున 39,60,000 చెబుతారు. కొనేవారి సర్వేయరు వచ్చి 242 గజాలే అంటారు. దాని విలువ 36,30,000. తేడా 3,30,000 రూపాయలు. కొనేవారు ఆ 3,30,000 మాత్రమే తగ్గించుకుని ఊరుకుంటారనుకోవద్దు. ఇంత పెద్ద విషయంలో నిజం చెప్పని మనిషి కప్పు కారడం గురించి, చెమ్మ గురించి, అన్నదమ్ముల వాటాల గురించి నిజం చెప్పి ఉంటారా అన్న ప్రశ్న వారి మనసులో పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టిన తరువాత తగ్గింపుకు హద్దు ఉండదు, ఎక్కువసార్లు బేరమే ఉండదు.

దీనికి కొందరు ఇచ్చే సమాధానం నాకు తెలుసు. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే హద్దులదే పైచేయి అని వకీలు చెప్పారని అంటారు. ఆ సూత్రం నిజమే, న్యాయస్థానాలు సాధారణంగా అలాగే చూస్తాయి. అయితే మీ దస్తావేజులో పడమటి హద్దు ఏమని రాసి ఉందో ఒకసారి చదవండి. 'కాలువ గట్టు' అని ఉంటుంది. అంటే గట్టు మొదలైన చోట మీ స్థలం ముగిసిందని ఆ దస్తావేజే చెబుతోంది. మీరు నమ్ముకున్న సూత్రమే మీ కంచెను 6 అడుగులు వెనక్కి జరుపుతుంది. గట్టు ప్రభుత్వానిది. మీ తాతగారి కాలం నుంచి వాడుకుంటున్నా దాన్ని మీరు రిజిస్టరు చేసి ఇవ్వలేరు.

చేయవలసింది చాలా సులువు. ఇల్లు చూడడానికి వచ్చిన మొదటి రోజే కొనేవారిని పెరట్లోకి తీసుకువెళ్ళి, “ఇక్కడి దాకా మాది, ఈ ఆరు అడుగులు గట్టుది, మేము వాడుకుంటున్నాము గాని అమ్మడం లేదండి” అని చూపించండి. ఈ మాట చెప్పినందుకు బేరం చెడినట్లు నేనెన్నడూ చూడలేదు. చెప్పిన తరువాత కొనేవారి ప్రశ్నలు సగం తగ్గడం మాత్రం చూశాను. పాత పెంకుటిళ్ళకు, మండువా లోగిళ్ళకు నేను గజాల లెక్కన ధర చెప్పను. దస్తావేజులోని విస్తీర్ణం కాగితం మీద రాసిచ్చి, ఇంటికీ చెట్లకూ కలిపి గుండుగుత్తగా ఒక అంకె చెబుతాను. ఇది నా అలవాటు మాత్రమే, ఖాళీ స్థలాలకు పనికిరాదు.

మిగిలినవి మీకు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బయానా నగదుగా 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని తీసుకోకూడదు, చెక్కు రూపంలోనో బ్యాంకు ద్వారానో తీసుకోవాలి. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం కొనేవారు తమ డబ్బులోంచే లెక్క వేసుకుంటారు గనుక, వారు చెప్పే అంకె చిన్నదిగా కనిపిస్తే నొచ్చుకోవద్దు. లంకల్లోనూ ఏటిగట్టు పక్కనా ఇల్లు ఉన్నవారు 1986 ఆగస్టు వరదకూ, 2022 జూలై వరదకూ నీరు ఎక్కడి దాకా వచ్చిందో అడగకముందే చెప్పండి, ఎందుకంటే మీరు చెప్పకపోతే పక్కింటివారు ఒక అడుగు పెంచి చెబుతారు.

సంతకాల సంగతి నాలుగవ పాఠంలో వివరంగా వస్తుంది, కానీ ఒక పని ఈ వారమే మొదలుపెట్టాలి. అన్నదమ్ములో ఆడపడుచులో విదేశాల్లో ఉంటే, అక్కడ రాయించిన పవరాఫ్ అటార్నీ భారతదేశానికి చేరిన మూడు నెలలలోగా ఇక్కడ స్టాంపు చేయించాలి. ఆడపడుచులకు పెళ్ళినాడే ఇచ్చేశామన్న మాట రిజిస్ట్రేషను నాడు చెల్లదు. వారి హక్కు విడుదల దస్తావేజు ఉండాలి, లేదా వారే వచ్చి సంతకం చేయాలి.

అభ్యాసం: ఈసారి అభ్యాసానికి రెండు రోజులు పడుతుంది, తప్పించుకోవద్దు. గుడ్డ టేపు సాగుతుంది గనుక ఉక్కు టేపు తెచ్చుకుని, కంచెను పట్టించుకోకుండా దస్తావేజు హద్దుల వెంబడి నాలుగు వైపులా కొలవండి. తరువాత ఐమూలగా ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి. ఎదురెదురు వైపుల సగటులను హెచ్చవేసే పాత పద్ధతి మూలలు వంకరగా ఉన్న స్థలానికి ఎక్కువ గజాలు చూపుతుంది. ఐమూల కొలత ఉంటే స్థలాన్ని రెండు త్రిభుజాలుగా చేసి సరైన వైశాల్యం తేల్చవచ్చు. పైన చెప్పిన 33 అడుగుల, 66 అడుగుల స్థలంలో మూలలు మట్టానికి ఉంటే ఐమూల కొలత 73 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు రావాలి. రెండవ రోజు ఇంట్లో మరొకరి చేత ఇదంతా మళ్ళీ కొలిపించండి. రెండు కొలతలకూ అర అడుగు మించి తేడా ఉంటే మూడవసారి కొలవండి. ఆ అంకెలను తాతగారి దస్తావేజు, నాన్నగారి దస్తావేజు, మీ దస్తావేజు పక్కన వరుసగా రాయండి. ఒకదాంట్లో గజాలు, మరొకదాంట్లో సెంట్లు ఉంటే అన్నిటినీ గజాల్లోకి మార్చండి, సెంటు అంటే 48.4 గజాలు. ఎక్కడ అంకె మారిందో అక్కడ ఎర్ర సిరాతో గీత గీసి, ఆ కాగితంతో గ్రామ సచివాలయంలోని సర్వేయరు దగ్గరకు వెళ్ళి పటంతో సరిచూపించుకోండి. అది పూర్తయ్యేదాకా మధ్యవర్తులెవరికీ ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పవద్దు.