గైల్ ఒక్కడినే పట్టుకుని ఆట మెరుగుపరుచుకోవడం ఎలా

స్ట్రీట్ ఫైటర్ 6 అనే పోరాట వీడియో గేమ్‌లో ఒకే పాత్రపై పట్టు సాధించాలనుకునేవారికి, 1991 నాటి రెండో భాగం నుంచీ ఉన్న గైల్ మంచి ఉదాహరణ. దూరం నుంచి విసిరే సోనిక్ బూమ్‌కు స్టిక్‌ను కాసేపు వెనక్కి పట్టి, ముందుకు తోస్తూ పంచ్ నొక్కాలి. పైకి ఎగిరి తన్నే ఫ్లాష్ కిక్‌కు కాసేపు కిందికి పట్టి, పైకి తోస్తూ కిక్ నొక్కాలి. కింది-వెనక మూలలో పట్టి ఉంచితే రెండింటికీ ఒకేసారి ఛార్జ్ (అలా పట్టి ఉంచడంతో కూడే సిద్ధత) చేరుతుంది, పైగా కూర్చుని ప్రత్యర్థి దెబ్బలను కాచుకున్నట్టూ అవుతుంది. అయితే చాలామంది ఆ మూలకే అతుక్కుపోయి నడవడం మరిచిపోతారు. నా దృష్టిలో గైల్ ఆటగాళ్ల పెద్ద లోపం ఇదే.

కనుక ట్రైనింగ్ మోడ్‌లో తేలికపాటి పంచ్‌తో నెమ్మదైన సోనిక్ బూమ్ విసిరి, దాని వెనకే నడుస్తూ, డమ్మీ (సాధన కోసం ఉండే ప్రత్యర్థి) కాచుకుంటుందా, దూకుతుందా అని చూసి స్పందించడం సాధన చేయాలి. ఇందుకోసం ఆ రెండు చర్యలనూ ముందే రికార్డు చేసి, ఏది వస్తుందో తెలియకుండా ఆడించుకోవాలి. నడుస్తున్నప్పుడు ఛార్జ్ ఉండదు కాబట్టి, దూకేవాడిని కూర్చుని కొట్టే బలమైన పంచ్‌తో ఆపాలి. (దీనికి కొన్ని వారాలు పట్టినా విసుగు చెందవద్దు.)

సెకనుకు 60 ఫ్రేములు (చిత్రాలు) నడిచే ఈ ఆటలో, ఒక దెబ్బ తర్వాత ఎవరు ముందు తేరుకుంటారో ఫ్రేమ్ మీటర్ అనే పట్టీ తెరపై చూపిస్తుంది. ఓడిన ఆటల రీప్లేలు చూసేటప్పుడు కాంబోల (వరుస దెబ్బల) సంగతి పక్కన పెట్టి, మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో మాత్రమే రాసుకోవాలి.