పండగ పనుల టెన్షన్‌కి ఆక్యుప్రెషర్: ఎక్కడ, ఎలా నొక్కాలి?

సంక్రాంతికి రెండు మూడు వారాల ముందు నుంచే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. ఇల్లు దులపడం, తడిబియ్యం పిండి పట్టించడం, అరిసెలు, జంతికలు, కొత్త బట్టలు, ఊరికి టికెట్లు, వచ్చే చుట్టాల లెక్కలు. తీరా భోగి తెల్లవారేసరికి ఇంట్లో ఆడవాళ్ళకి మెడ పట్టేసి ఉంటుంది. తల దిమ్ముగా ఉంటుంది, ఎవరేం అడిగినా చిరాకు వస్తుంది. కనుమ అయ్యాక పడుకుందాంలే అని ఓపిక పడతారు. అలా కూడబెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. పని మధ్యలోనే రెండు మూడు నిమిషాలు ఒంటిని వదులు చేసుకోవాలి. ఆక్యుప్రెషర్ అందుకు బాగా పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు, వేళ్ళుంటే చాలు.

ఇది చైనా సంప్రదాయ వైద్యం నుంచి వచ్చింది. సూదులతో చేస్తే ఆక్యుపంక్చర్, వేళ్ళతో నొక్కితే ఆక్యుప్రెషర్. ఒంట్లో శక్తి ప్రవహించే దారులున్నాయని ఆ వైద్యం నమ్ముతుంది. ఆ దారుల మీది 361 బిందువులు ఎక్కడెక్కడున్నాయో వివరిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక ప్రామాణిక పుస్తకం కూడా తెచ్చింది. శక్తి దారుల మాటను ఆధునిక శాస్త్రం ఒప్పుకోలేదు. అయినా బిగుసుకున్న కండరాన్ని నొక్కి, నిదానంగా ఊపిరి వదిలితే ఒళ్ళు తేలికపడటం ఎవరికైనా తెలిసేదే. దీన్నుంచి ఆ ఉపశమనం ఆశించండి, జబ్బులు నయమవుతాయని మాత్రం అనుకోకండి.

మొదట నొక్కే పద్ధతి

గోళ్ళు పొట్టిగా ఉండాలి. బొటనవేలి మెత్తని భాగంతో నొక్కండి, గోరు గుచ్చుకోకూడదు. నెమ్మదిగా బలం పెంచుతూ పోండి. కాస్త నొప్పి ఉన్నా హాయిగా అనిపించే దగ్గర ఆగండి. చురుక్కుమంటే తగ్గించండి. ఒక్కో చోట నిమిషం నుంచి రెండు నిమిషాలు చాలు. నొక్కినంతసేపూ ముక్కుతో ఊపిరి తీసుకుని, తీసుకున్నదానికంటే నిదానంగా వదలండి. సగం ఫలితం ఈ ఊపిరిలోనే ఉందని నా నమ్మకం.

కొలతలకు మీ వేళ్ళనే వాడాలి. "మూడు వేళ్ళ వెడల్పు" అంటే చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు కలిపి పెట్టినంత. కొలిచేది ఎవరి ఒంటి మీదైతే వాళ్ళ వేళ్ళతోనే కొలవాలి.

గర్భిణులు ఇది తప్పక చదవాలి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉన్న బిందువు, భుజం మీది బిందువు, చీలమండ పైన లోపలి వైపు ఉండేది, ఈ మూడింటినీ గర్భంతో ఉన్నప్పుడు నొక్కకూడదని ఈ వైద్యం చేసేవాళ్ళే చెబుతారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి. గాయం, వాపు, ఉబ్బిన నరాలు ఉన్నచోట ఎవరూ నొక్కకూడదు.

పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు: భుజాలు, మెడ

అరిసెల పాకం దగ్గర ఒక్క క్షణం పక్కకి వెళ్ళడానికి ఉండదు. నీళ్ళలో వేసిన బెల్లం పాకం ముద్ద కట్టిందో లేదో చూస్తూ, ఇంకోపక్క పిండి పోసి తిప్పుతూ ఉంటే, భుజాలు మనకు తెలియకుండానే చెవుల దాకా లేస్తాయి. సాయంత్రానికి వచ్చే తలనొప్పి చాలామందికి ఇక్కడే మొదలవుతుంది. అందుకే నేను అన్నిటికంటే ముందు భుజాలే చూసుకోమంటాను.

పాకం దించాక కూర్చోండి. మెడ మొదలుకి, భుజం చివరకి సరిగ్గా నడిమధ్య, కండరం ఎత్తుగా ఉండే చోటు చూడండి. అక్కడ నొక్కితే గట్టిగా, సలుపుగా తగులుతుంది. కుడి భుజానికి ఎడమ చెయ్యి వేసి మధ్యవేలితో నొక్కిపట్టండి. ఊపిరి వదిలేటప్పుడు భుజాన్ని కిందికి జారనివ్వండి. నిమిషం అయ్యాక రెండోవైపు.

తర్వాత మెడ. రెండు చేతుల వేళ్ళూ కలిపి తల వెనక పెట్టుకుంటే, బొటనవేళ్ళు పుర్రె అంచు కిందికి వస్తాయి. మెడ వెనకాల నిలువుగా ఉండే రెండు లావు కండరాల పక్కన చెరో గుంట తగులుతుంది. తల కొంచెం వెనక్కి వాల్చి, ఆ గుంటల్లో పైవైపుకి నొక్కండి. కళ్ళ వెనక బరువు తగ్గినట్టు ఉంటుంది. గొంతు పక్కన నాడి కొట్టుకునే చోట మాత్రం ఎప్పుడూ నొక్కకండి.

తలనొప్పి వచ్చేసిందా?

బొటనవేలిని చూపుడువేలికి ఆనించండి. వాటి మధ్య కండ ఉబ్బుతుంది. బాగా ఎత్తుగా ఉన్న చోటు గుర్తుపెట్టుకుని చెయ్యి వదులు చేసి, అక్కడ రెండో చేతి బొటనవేలితో చూపుడువేలి ఎముక వైపుకి నొక్కండి. గర్భిణులు దీని జోలికి పోవద్దు. వాళ్ళు కనుబొమల మధ్య, బొట్టు పెట్టుకునే చోట, వేలితో మెల్లగా గుండ్రంగా రుద్దుకోవచ్చు.

ప్రయాణంలో: మణికట్టు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళకి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వాహనాల బారు అలవాటే. ఆగుతూ కదిలే బండిలో కడుపులో తిప్పడం, గుండె దడదడ, విసుగు అన్నీ కలిసే వస్తాయి. గాజులు మోచేతి వైపుకి తోసుకోండి. అరచేతి వైపు మణికట్టు మడత నుంచి మూడు వేళ్ళ వెడల్పు కిందికి, అంటే మోచేతి వైపుకి, కొలవండి. పిడికిలి బిగిస్తే తాళ్ళలా తేలే రెండు స్నాయువుల మధ్య నొక్కండి. వికారానికి దీని మీద పరిశోధనలు చాలా జరిగాయి. ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతి వాంతుల విషయంలో మంచి ఫలితాలు కనిపించాయి. ఇక్కడ నొక్కేలా గుండీ ఉన్న చేతిపట్టీలు కూడా మార్కెట్లో దొరుకుతాయి.

రాత్రి నిద్ర పట్టకపోతే

మణికట్టు మడత మీదే, చిటికెనవేలి వైపు చివర చిన్న గుంట ఉంటుంది. పడుకుని దాన్ని సుతారంగా నొక్కండి. ఇంకా బడలికగా ఉంటే అరికాలు చూడండి. కాలివేళ్ళు ముడిస్తే అరికాల్లో వేళ్ళకి దగ్గరగా గుంట పడుతుంది. అక్కడ ఎవరైనా నొక్కిపెడితే ఇంకా బాగుంటుంది. రోజంతా వండిపెట్టిన మనిషి కాళ్ళు ఇంట్లోవాళ్ళు ఆ రెండు నిమిషాలు పట్టడం న్యాయం కూడా. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్ళకి గట్టిగా నొక్కకండి, నొప్పి తెలియక దెబ్బ తగులుతుంది.

ఛాతీ నొప్పి, ఎడమచేతి లాగుడు, చెమటలు, మాట తడబడటం కనిపిస్తే ఏ బిందువూ వెతక్కుండా 108కి ఫోన్ చెయ్యండి. పండగ అయ్యాక కూడా దిగులు, నిద్రలేమి వారాల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.