‘చరిత్రలో ఈ రోజు’ రాసే పద్ధతి

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. ప్రార్థన సమయంలో పిల్లలు చదివే ‘చరిత్రలో ఈ రోజు’ రాసివ్వడం కూడా నా పనే. సమాచారానికి కొరత లేదు, ఏ తేదీకి వెతికినా బోలెడు పేర్లు వస్తాయి. ఆ సంగతి నిజంగా ఆ తేదీదేనా అని తేల్చుకోవడమే అసలు పని. జూలై 4 తీసుకుని నేనెలా చేస్తానో చెప్తాను.

ముందు దొరికినవన్నీ సంవత్సరాలతో సహా కాగితం మీద పెట్టండి. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. 1826లో అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ మరణం. 1897లో అల్లూరి సీతారామరాజు జననం. 1902లో వివేకానంద, 1934లో మేరీ క్యూరీ, 1963లో పింగళి వెంకయ్య కన్నుమూశారు. 2012లో ఐరోపా కణ పరిశోధనా సంస్థ సెర్న్ శాస్త్రవేత్తలు, ఏళ్లుగా వెతుకుతున్న హిగ్స్ బోసాన్ అనే మూలకణంలా కనిపిస్తున్న కొత్త కణం దొరికిందని చెప్పారు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ అడగండి: ఆ రోజున సరిగ్గా ఏం జరిగింది? ‘అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది’ అని రాసేస్తుంటారు. బ్రిటన్ నుంచి విడిపోవాలన్న తీర్మానం జూలై 2నే నెగ్గింది. 4న ప్రకటన పాఠాన్ని ఆమోదించారు. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఆ స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ ఒప్పుకున్న పారిస్ ఒప్పందం 1783 నాటిది. కాబట్టి ‘స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు’ అని రాయాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, పిల్లలు విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకుంటారు.

పాత తేదీలైతే ఏ క్యాలెండర్ ప్రకారం అన్నది చూడకుండా ముందుకు వెళ్లొద్దు. 1582లో ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల్లో అక్టోబరు 4 మర్నాడే అక్టోబరు 15 వచ్చింది, గ్రెగోరియన్ క్యాలెండర్ అలా మొదలైంది. బ్రిటన్ 1752లో గానీ మారలేదు. ఇంగ్లిష్ నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారని ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం. కానీ షేక్‌స్పియర్‌ది పాత క్యాలెండర్ తేదీ, కొత్త లెక్కలో అది మే 3. సెర్వాంటెస్ 22న మరణించారనీ, 23 ఖననం చేసిన రోజనీ చాలామంది పరిశోధకుల మాట. రష్యా అక్టోబరు విప్లవం కూడా అంతే: పాత లెక్కలో 1917 అక్టోబరు 25, కొత్త లెక్కలో నవంబరు 7. నేనైతే కొత్త తేదీ కింద రాసి, పాతది పక్కన చెప్తాను.

మన శాసనాల్లో శకసంవత్సరం, మాసం, తిథి ఉంటాయి. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం శ్రీకృష్ణదేవరాయల మరణాన్ని శక 1451 కార్తీక శుద్ధ పౌర్ణమి, చంద్రగ్రహణం రోజుగా చెప్తుంది. అది 1529 అక్టోబరు 17 అని లెక్క తేల్చారు. ఇలాంటివి రాసేటప్పుడు తిథిని కూడా చదివించండి. రాతి మీద చెక్కింది తిథి, తేదీ మనం కట్టిన లెక్క.

గడియారం సంగతి చిన్నదే. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టినప్పుడు అమెరికాలో 1969 జూలై 20 రాత్రి, భారత్‌లో 21 ఉదయం. ఘటన జరిగిన చోటి తేదీయే వేయండి. చంద్రుడి మీద జరిగినదానికి ఎవరి తేదీయో ఆ వాక్యంలోనే చెప్పాలి.

మరణాలకన్నా జననాల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పోయేనాటికి ఆ మనిషి పేరున్నవాడు కాబట్టి నలుగురూ రాసిపెడతారు. పుట్టినప్పుడు ఎవరికి తెలుసు? జర్మన్ సంగీతకారుడు బేతోవెన్‌కు 1770 డిసెంబరు 17న బాప్టిజం ఇచ్చినట్టు రికార్డు ఉంది, పుట్టిన రోజుకు లేదు. అలాంటప్పుడు ‘బాప్టిజం పొందారు’ అనే రాయండి. ఒకదాన్నుంచి ఒకటి ఎత్తి రాసుకోని రెండు పుస్తకాల్లో ఒకే తేదీ కనబడాలి. లేకపోతే ఆ పేరు ఎంత గొప్పదైనా ఈసారికి వదిలేయండి.

చివరికి ఐదారు చాలు. అన్నీ రాజకీయాలే కాకుండా చూడండి. ఆడమ్స్, జెఫర్సన్‌లను మాత్రం నేను వదలను. ఆ ప్రకటన కోసం కలిసి పనిచేసిన ఇద్దరూ సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, ఒకరు మధ్యాహ్నం, ఒకరు సాయంత్రం వెళ్లిపోయారు. ఒక్కో పేరుకూ వాళ్లెవరో తెలిపే వాక్యం ఒకటి జోడించండి. క్యూరీకైతే నేనిలా రాస్తాను: ‘భౌతికశాస్త్రంలో 1903లో, రసాయనశాస్త్రంలో 1911లో నోబెల్ అందుకున్న మేరీ క్యూరీ 1934లో ఇదే రోజు మరణించారు. రేడియోధార్మిక పదార్థాలతో ఏళ్ల తరబడి పనిచేయడమే ఆమె జబ్బుకు కారణమని భావిస్తారు.’

కాగితం చదవబోయే పిల్లకు ముందురోజే ఇచ్చేయండి. సెర్వాంటెస్ లాంటి పేర్లు ఇంటి దగ్గర నాలుగుసార్లు పైకి చదువుకుంటే, మర్నాడు మైకు ముందు టెన్షన్ ఉండదు.