కీబోర్డు ఫోన్ కొనడం ఎలా? 3వ పాఠం: అంకెలు కొట్టి చూడండి

తెర మీద కాకుండా విడిగా అక్షరాల బటన్లు ఉండే కీబోర్డు ఫోన్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ల కోసం ఈ పాఠాలు. రెండో పాఠం చదివినవాళ్లకు *#06# కొట్టి 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, చూసుకోవడం వచ్చేసింది. కేవైఎం అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి పంపితే ఫోన్ సంగతి తెలుస్తుందనీ చెప్పుకున్నాం. పాత బ్లాక్‌బెర్రీలు అంత చౌకగా ఎందుకు దొరుకుతాయో కూడా చూశాం. సొంత ఓఎస్‌తో (ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో) నడిచేవాటికి కంపెనీ 2022 జనవరి 4న సేవలు ఆపేసింది. అందుకే మనం ఆండ్రాయిడ్ ఉన్నవే చూస్తున్నాం.

ఈ గండాలు దాటిన ఫోన్ ఒకటి చేతిలో ఉందనుకుని ఇవాళ కీబోర్డు దగ్గరికి వద్దాం. దీనికి అరగంట పెట్టండి. కెమెరా ఓ మాదిరిగా ఉన్నా సర్దుకుపోవచ్చు. కీబోర్డు కోసం కొంటున్న ఫోన్‌లో కీబోర్డే సరిగా లేకపోతే మిగతావి ఎంత బాగున్నా ఏం లాభం?

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. సీజన్‌లో పొద్దున్నుంచీ ఏ రకం ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటా ఎంత పలికింది అని షావుకారుకి మెసేజ్‌లు పెడుతూనే ఉండాలి. వేళ్లకి కారం, చెమట. టచ్ తెర ఒకటి నొక్కితే ఇంకొకటి తీసుకునేది. అందుకని బెజవాడ వెళ్లి ఒక షాపులో సెకండ్ హ్యాండ్ కీబోర్డు ఫోన్ కొన్నాడు. పక్కన నేనూ ఉన్నాను. షాపులో 'గుడ్ మార్నింగ్' అని ఇంగ్లిష్‌లో నాలుగుసార్లు కొట్టి చూశాం. నాలుగుసార్లూ తప్పు లేకుండా పడింది. డబ్బులు ఇచ్చేసి వచ్చాం.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "ఏరా, నేను 23 టిక్కీలని కొడితే షావుకారుకి 233 అని వెళ్లిందిరా. ఆయన లారీ కూడా మాట్లాడేశాడు!"

సాయంత్రం కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. ఆ ఫోన్‌లో 3 అంకె, ఆర్ అక్షరం ఒకే బటన్ మీద ఉన్నాయి. ఆ బటన్ ఒకసారి నొక్కితే అప్పుడప్పుడు రెండుసార్లు పడుతోంది. మరి షాపులో 'మార్నింగ్' సరిగా ఎలా వచ్చింది? రెండు ఆర్‌లు పడినా ఆటో కరెక్షన్ ఒకటి తీసేసి పదాన్ని సరిచేసింది. మాటకైతే స్పెల్లింగ్ ఉంటుంది కాబట్టి ఫోన్ దిద్దగలదు. 23 సరైనదో 233 సరైనదో దానికెలా తెలుస్తుంది? ఆ రోజు బాబాయి షావుకారు ముందు తల దించుకుని నిలబడ్డాడు. పక్కనే ఉండి కూడా పట్టుకోలేకపోయానే అని నాకు ఇప్పటికీ బాధే. ఈ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

కాబట్టి ఫోన్ చేతికి రాగానే సెట్టింగ్స్‌లో కీబోర్డు విభాగానికి వెళ్లి ఆటో కరెక్షన్ ఆపేయండి. తర్వాత మెసేజ్ పెట్టె తెరిచి ఈ వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో పదిసార్లు కొట్టండి:

తేజ 120 టిక్కీలు, బాడిగ 45, 334 రకం 67, తాలు 89.

తేజ, బాడిగ, 334 మిర్చి రకాలు, తాలు అంటే రంగు పోయిన నాసి కాయలు. సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఇందులో ఉన్నాయి. 334లో రెండు మూళ్లు పక్కపక్కనే వస్తాయి కాబట్టి ఒకటి ఎగిరిపోయినా, ఒకటి ఎక్కువ పడినా వెంటనే కనిపిస్తుంది. మొదటి మూడుసార్లు నెమ్మదిగా కొట్టండి. మిగతా ఏడుసార్లూ పనిలో ఉన్నప్పుడు ఎంత హడావిడిగా కొడతారో అంతే హడావిడిగా కొట్టండి. మీ పని వేరైతే మీ వాక్యం మీరే రాసుకోండి, అంకెలు మాత్రం పదీ ఉండాలి.

అంకెలు అన్ని ఫోన్లలో ఒకే చోట ఉండవు. కొన్నిట్లో 1, 2, 3 డబ్ల్యూ, ఈ, ఆర్ మీద ఉంటాయి. నోకియా ఈ71 లాంటి పాతవాటిలో ఆర్, టీ, వై మీద ఉండేవి. పాత అలవాటు ఉన్న వేళ్లకి కొత్త చోటు పట్టుబడటానికి కొన్నాళ్లు పడుతుంది. అంకె కోసం చాలా ఫోన్లలో ఆల్ట్ బటన్ కలిపి నొక్కాలి కాబట్టి ఆల్ట్ కూడా గట్టిగా ఉందో లేదో చూడండి.

ఇప్పుడు వేలితో చూద్దాం. మామూలుగా ప్రతి బటన్ కిందా బోర్లించిన గిన్నెలాంటి చిన్న రేకు ఉంటుంది. నొక్కితే అది లోపలికి కుంగి కింద ఉన్న సర్క్యూట్‌ని కలుపుతుంది. వేలికి తగిలే 'టిక్' అదే. రేకు అలిసిపోయినా, దుమ్ము చేరినా టిక్ మెత్తబడుతుంది. కళ్లు మూసుకుని వరసగా అన్ని బటన్లూ నొక్కండి. ఏది మిగతావాటిలా లేదో వేలికే తెలిసిపోతుంది. స్పేస్ బార్‌ని మాత్రం ఎడమ అంచు, నడుమ, కుడి అంచు మూడుచోట్లా నొక్కాలి. ఒక్కోసారి ఒక అంచు మాత్రమే పనిచేస్తుంది. బ్యాక్‌స్పేస్ ఎక్కువగా అరిగే బటన్, దాన్ని వదలొద్దు. చివరగా ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి బటన్ల కింద లైటు అంతటా సమంగా వెలుగుతోందా చూడండి.

ఇక తెలుగు. అమ్మేవాళ్లు ఎవరూ దీని గురించి చెప్పరు, మనమే అడగాలి. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలను నేరుగా బటన్ల మీద అమర్చిన కీబోర్డు పద్ధతి) అలవాటున్నవాళ్లు అదే పద్ధతి ఫోన్ బటన్ల మీద దొరుకుతుందని ఆశపడతారు. ఇన్‌స్క్రిప్ట్‌లో చ సెమీకోలన్ మీద, ట దాని పక్క బటన్ మీద, డ స్క్వేర్ బ్రాకెట్ మీద ఉంటాయి. ఈ చిన్న కీబోర్డుల్లో వాటికి విడిగా బటన్లే ఉండవు. చ, ట, డ లేకుండా ఏం రాస్తాం? అందుకని ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతే మనకు దిక్కు. అందులోనూ ఒక చిక్కు ఉంది. కొన్ని కీబోర్డు యాప్‌లు తెర మీద తాకితేనే తెలుగు ఇస్తాయి, బటన్ నొక్కితే ఇంగ్లిష్ అక్షరమే పడుతుంది. మీరు వాడే యాప్ షాపులోనే వేయించుకుని, బటన్లతో 'మిర్చి' అని కొట్టి, తెలుగులో వస్తేనే బేరం మొదలుపెట్టండి.

మీ సిమ్ వేసి, యూపీఐ యాప్ తెరుచుకుంటోందా, రిజిస్టర్ అవుతోందా అన్నదీ అక్కడే చూసుకోండి. యాప్ ఆ సిమ్ నుంచే మెసేజ్ పంపి నంబరు సరిచూసుకుంటుంది, కాబట్టి వేరేవాళ్ల సిమ్‌తో ఈ పరీక్ష కుదరదు. పాత ఆండ్రాయిడ్ అయితే యాప్ ఎక్కకపోవచ్చు కూడా.

ఈ వారం అభ్యాసం: ఇప్పుడు మీరు వాడుతున్న ఫోన్‌లోనే ఆటో కరెక్షన్ ఆపి, పై వాక్యం పదిసార్లు కొట్టండి. ఎన్ని తప్పులు పడ్డాయో ఒక కాగితం మీద రాసుకుని దాచండి. షాపుకి వెళ్లినప్పుడు కొత్త ఫోన్ తప్పుల్ని దాని పక్కనే రాయాలి. వచ్చే పాఠంలో బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను చూద్దాం. దానికి మీ ఛార్జరు, కేబులు వెంట ఉంచుకోండి.