కాల్షియం సమ్మేళనాల ఫార్ములా తప్పుతోందా? సమస్య - పరిష్కారం

కాల్షియం పరమాణు సంఖ్య 20, ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8, 2. సమ్మేళనాల్లో చివరి కక్ష్యలోని రెండింటినీ వదిలేస్తుంది కాబట్టి దాని అయాన్ (ఆవేశం ఉన్న కణం) మీద 2+ ఆవేశమే ఉంటుంది. ఇనుముకు ఉన్నట్టు 2+, 3+ అనే పేచీ లేదు. కాబట్టి ఫార్ములా తప్పితే ముందు రెండో అయాన్ దగ్గర వెతకండి.

సమస్య: కాల్షియం క్లోరైడ్‌కు "సీఏ సీఎల్" అని రాశారు.
కారణం: పేరులో ఒక్కొక్కటే వినబడుతుంది కనుక ఒకటికొకటి వేసేశారు.
పరిష్కారం: ఆవేశాలు కూడండి. 2+ కు 1- కలిపితే ఇంకా 1+ మిగిలింది. సున్నా రావాలంటే ఇంకో క్లోరైడ్ కావాలి: "సీఏ సీఎల్ టూ".

సమస్య: తడిసున్నానికి (కాల్షియం హైడ్రాక్సైడ్), కాల్షియం నైట్రేట్‌కు బ్రాకెట్ లేదు.
ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. తరగతిలో "సీఏ ఓహెచ్ హోల్ ట్వైస్" అని చదువుతాం. ఆ "హోల్" అన్న మాటే బ్రాకెట్. దాన్ని మింగేసి "సీఏ ఓహెచ్ టూ" అని రాస్తే 2 హైడ్రోజన్‌కే అంటుకుంటుంది, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. నైట్రేట్‌లో ఇంకా ఘోరం: ఆక్సిజన్ కింద ఉన్న 3 పక్కన 2 పడి 32 అయిపోతుంది!
పరిష్కారం: హైడ్రాక్సైడ్, నైట్రేట్ లాంటి గుంపు అయాన్‌ను రాయగానే బ్రాకెట్‌లో పెట్టండి, అంకె ఆ తర్వాత బయట వేయండి. ఒక్క అయానే సరిపోతే బ్రాకెట్ తీసేయండి. సున్నపురాయి (కాల్షియం కార్బొనేట్) అలాంటిదే: "సీఏ సీఓ త్రీ".

సమస్య: పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) "సీఏ టూ ఓ టూ" అయింది.
కాల్షియం 2+, ఆక్సైడ్ 2-. ఈ ఆవేశాల అంకెలను అడ్డంగా మార్చి, ఉమ్మడి కారణాంకాన్ని కొట్టేయడం మరిచారు. సరైనది "సీఏ ఓ". అయితే కొట్టేయాల్సింది అయాన్ల సంఖ్యనే, అయాన్ లోపలి అంకెలను కాదు. కిడ్నీ రాళ్లలో ఎక్కువగా కనిపించే కాల్షియం ఆక్సలేట్ "సీఏ సీ టూ ఓ ఫోర్". ఆ 2, 4 చూసి చెయ్యి ఊరుకోక సగం చేశారంటే అది ఆక్సలేటే కాదు.

సమస్య: ఫాస్ఫేట్ కుదరడం లేదు.
ఫాస్ఫేట్ మీద 3- ఉంటుంది. 2, 3 ల క.సా.గు. 6. కాబట్టి కాల్షియం మూడు, ఫాస్ఫేట్ రెండు: "సీఏ త్రీ పీఓ ఫోర్ హోల్ ట్వైస్". విప్పి లెక్కపెట్టండి. కాల్షియం 3, ఫాస్ఫరస్ 2, ఆక్సిజన్ 8, మొత్తం 13 రావాలి. రాకపోతే బ్రాకెట్ ఎక్కడ మూశారో చూడండి.