కొట్టకుండా నేర్పే డాగ్ ట్రైనర్: నెల్లూరులో పని మొదలుపెట్టేవాళ్లకు

డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర ప్రత్యేకంగా లైసెన్సు ఏమీ అడగరు. అందుకే లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ పట్టుకుని వారంలో దారికి తెస్తానని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. చైను గుంజితే కుక్క ఆగుతుంది, అబద్ధం కాదు. అయితే అది నొప్పికి ఆగినట్టు. మీరు ఫీజు తీసుకుని వెళ్లిపోయాక, ఆ ఇంటి ఆవిడ పట్టుకుంటే మళ్లీ లాక్కుపోతుంది. ఈ పనిలో మీరు అసలు నేర్పాల్సింది ఇంటివాళ్లకు. అంతకంటే ముందు మీ చేతికి.

మొదటి వారం కుక్క జోలికి పోకండి. కుక్క సరిగ్గా చేసిన క్షణాన్ని దానికి చెప్పడానికి "భేష్" లాంటి పొట్టి మాట ఒకటి అనుకోండి. నొక్కితే టక్కుమనే చిన్న క్లిక్కర్ కూడా వాడొచ్చు గానీ, ఇంటివాళ్లు దాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోతారు. మాటకు ఆ ఇబ్బంది లేదు. ఒక గిన్నెలో ఇరవై శనగగింజలు, పక్కన ఖాళీ గ్లాసు పెట్టుకోండి. ఎవరినైనా బంతి కింద వదలమనండి. బంతి నేలకు తాకిన క్షణాన "భేష్" అనాలి. ఆ తర్వాతే చెయ్యి గిన్నెలోకి పోయి, ఒక్క గింజ తీసి గ్లాసులో వెయ్యాలి. ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. దాదాపు అందరికీ మాట కంటే చెయ్యే ముందు కదులుతుంది. కుక్క దగ్గర అలా కదిలితే అది మాట వినడం మానేసి చేతినే చూస్తుంది. "తిండి చూపిస్తే గానీ కూచోదండీ" అనే ఫిర్యాదు చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఇప్పుడు కుక్క. సందడి లేని గదిలో "భేష్" అనడం, వెంటనే బహుమతిగా తిండి ముక్క పెట్టడం, ఇలా పదిహేనుసార్లు. మాట వినగానే మీ వైపు తిరుగుతుంటే దానికి అర్థమైనట్టే. కూచోబెట్టాలంటే ముక్కను ముక్కు దగ్గర పట్టుకుని, తల మీదుగా మెల్లగా వెనక్కి పోనివ్వండి. వెనక భాగం నేలకు ఆనగానే "భేష్". ఎగురుతోందంటే మీ చెయ్యి మరీ పైకి పోయింది. వెనక్కి నడుస్తోందంటే గోడ మూలలో నిలబెట్టి చెయ్యండి. ఐదారుసార్లు అయ్యాక చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేసి, బహుమతి రెండో చేత్తో ఇవ్వండి. ఈ మెట్టు చెయ్యకుండా వదిలేస్తే జీవితాంతం ముక్క పట్టుకుని తిరగాల్సిందే. సైగ కుదిరాకే "కూచో" అనే మాట, అదీ సైగకు ముందు, ఒక్కసారే. పదిసార్లలో ఎనిమిదిసార్లు చేస్తే తర్వాతి మెట్టు. వరుసగా రెండు తప్పితే ఒక మెట్టు కిందికి. ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు చాలు.

ముక్కలకు ఉప్పు, కారం, పసుపు లేకుండా ఉడికించిన కోడిమాంసం బాగుంటుంది. ముక్క శనగగింజంత ఉంటే చాలు. మాంసం వండని ఇళ్లలో పనీర్, ఉడికించిన చిలగడదుంప. ఎండుచేపలు మనకు చవకే గానీ ఉప్పు ఎక్కువ, వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. రోజు తిండిలో ముక్కలు పదో వంతు దాటకూడదు, ఆ మేరకు అన్నం తగ్గించమనండి.

ఇంటికి వెళ్లిన మొదటి రోజు కుక్కను కాసేపు పక్కన పెట్టి, ఇంటివాళ్లు ఏ మాటలు వాడుతున్నారో వినండి. పిల్లవాడు "సిట్", అమ్మ "కూచో", తాత "కూకో". పాపం కుక్క మూడు భాషలు నేర్చుకోవాలి. ఒక్కో పనికి ఒక్కో మాట తేల్చి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

ఎక్కువమంది మిమ్మల్ని పిలిచేది గేటు దగ్గర మొరుగుడుకే. పాలతను బండి ఆపగానే కుక్క మొరుగుతుంది, లోపలినుంచి "గమ్మునుండు!" అని కేకలు. కుక్కకు అది మనవాళ్లూ తనతో కలిసి మొరిగినట్టే ఉంటుంది. పైగా పాలతను పని చూసుకుని వెళ్లిపోతాడు. తను మొరగబట్టే వెళ్లాడని దాని లెక్క. కాబట్టి దూరంతో మొదలుపెట్టాలి. గేటు కనిపిస్తూనే, ముక్క ఇస్తే తినగలిగేంత దూరంలో తాడుతో నిలబడండి. మనిషి కనిపించగానే, మొరగకముందే "భేష్", ముక్క. ఎప్పుడూ ఇష్టంగా తినే ముక్కను వదిలేసిందంటే మీరు మరీ దగ్గరికి తెచ్చారు, నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లండి. దూరం తగ్గించిన రోజు కొత్త మనిషిని తేవద్దు, ఒకసారికి ఒకటే కష్టం పెంచాలి. ట్రైనింగ్ లేని వేళల్లో గేటుకు షీటో గోనెపట్టానో కట్టి బయట కనపడకుండా చెయ్యమనండి. లేకపోతే పొద్దున మీరు నేర్పింది సాయంత్రానికి చెడుతుంది.

గుర్రుమంటే కొట్టనివ్వొద్దు. గుర్రు హెచ్చరిక. దాన్ని అణిచేస్తే తర్వాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది. ఉన్నట్టుండి కోపం మొదలైన కుక్కను ముందు పశువైద్యుడికి చూపించాలి; చెవి పోటో కీళ్ల నొప్పో ఉంటే ట్రైనింగ్ పనిచేయదు.

మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నం బీచ్‌లోనో "రా" నేర్పేటప్పుడు పది మీటర్ల తాడు కట్టే ఉంచండి. ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు, తిడితే ఆఖరున చేసిన పనికి, అంటే రావడానికి, తిట్టినట్టు. మే నెలలో పొద్దున ఏడు లోపే బయటికి తీసుకెళ్లాలి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

మీ జాగ్రత్త మీరు చూసుకోండి. కుక్కకాటు పడకముందే 0 (అంటే మొదటి డోసు పడే రోజు), 7, ఆపై 21 లేదా 28వ రోజున రేబిస్ టీకా వేయించుకోండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. ముందే టీకా ఉన్నవాళ్లకూ 0, 3 రోజుల్లో రెండు డోసులు పడాలి. కుక్క టీకా కార్డు చూపించని ఇంట్లో పని మొదలుపెట్టకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, ఎప్పుడూ గొలుసుకు కట్టేసి వ్యాయామం లేకుండా ఉంచడాన్ని కూడా నేరమంటుంది. రోజంతా కట్టేస్తామనే యజమానికి ఇది మొదటి రోజే చెప్పాలి.

డబ్బు సంగతి. సెషన్‌కింత అని చెప్పండి, కావలి వెళ్లాల్సొస్తే దారి ఖర్చు వేరు. "నెలలో గ్యారంటీ" అనొద్దు, వాళ్లు రోజూ చెయ్యకపోతే ఆ గ్యారంటీ మీ మెడకే చుట్టుకుంటుంది. నేర్పిన గంటలు తేదీలతో రాసుకోండి. తర్వాత డాగ్ ట్రైనర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీడీటీ-కేఏ పరీక్ష రాయాలనుకుంటే గడిచిన మూడేళ్లలో కనీసం 300 గంటల అనుభవం చూపించాలి.

చివరి సెషన్‌లో తాడు మీరు ముట్టుకోకండి. ఇంటి ఆవిడ చేతికిచ్చి, వరండాలో కూచుని, పాలతను వచ్చేదాకా చూడండి. ఆమె "భేష్" ఆలస్యంగా అంటే మళ్లీ బంతి, శనగగింజలు తెమ్మనండి.