మందు మానాక బయటి గాలి – నాలుగో పాఠం: నచ్చని చోటే కూర్చోవడం

ఏకాగ్రత కోసం వేసుకునే మాత్రలను అతిగా వాడి, ఇప్పుడు మానుతున్న మనలాంటివారి కోసం రాస్తున్న పాఠాలివి. మూడో పాఠంలో నేను ఒక తప్పు రాశాను. ‘మీకు నచ్చిన పచ్చని చోటు ఒకటి ఎంచుకుని రోజూ 20 నిమిషాలు కూర్చోండి’ అన్నాను. చదవడానికి బాగానే ఉన్న ఆ వాక్యం మీలో చాలామందిని ముంచింది. ఒకరు వారంలో నాలుగు పార్కులు, ఒక చెరువు గట్టు, ఒక కొండ తిరిగి వచ్చి ఏదీ నచ్చలేదని రాశారు. మరొకరు చెట్టు కింద కూర్చోగానే నిద్రపోయారట, లేచేసరికి చీకటి పడిందట. ఇంకొకరికి కారణం లేకుండా ఏడుపు వచ్చింది. మిగిలిన ఉత్తరాలన్నింటిలో ఒకటే మాట: ‘ఏమీ అనిపించలేదు.’

ఏమీ అనిపించకపోవడమే ఈ దశ లక్షణం. ఆ సంగతి తెలిసి కూడా ‘నచ్చిన చోటు’ అనడం, జ్వరంతో నోరు చేదెక్కిన మనిషిని రుచిగా ఉన్నదేదో చూసుకుని తినమనడం లాంటిది. ఈసారి నడక గురించి చెబుతానన్నాను. అది వాయిదా వేస్తున్నాను. కూర్చోవడమే మళ్లీ మొదటి నుంచి చూద్దాం.

మనం వాడిన మందుల పని ఇది. మిథైల్‌ఫెనిడేట్, నరకణాలు బయటికి వదిలిన డోపమైన్‌ను (ఆసక్తిని, ఉత్సాహాన్ని నడిపే మెదడు రసాయనాన్ని) తిరిగి లోపలికి లాక్కునే ద్వారాలకు అడ్డుపడుతుంది. ఆంఫెటమైన్ అంతటితో ఆగదు, లోపల దాచుకున్న డోపమైన్‌ను కూడా బయటికి తోస్తుంది. వైద్యుడు చెప్పిన మోతాదు దాటి నెలల తరబడి వాడితే మెదడు ఆ వరదకు అలవాటుపడి తన స్పందన తగ్గించుకుంటుంది. మందు ఆగినప్పుడు వరద తీసింది కానీ తగ్గించుకున్న స్పందన అలాగే మిగిలింది. మొదటి రోజుల్లో విపరీతమైన నిద్ర, ఆకలి, కలత కలలు, ఒళ్లంతా బరువు. ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. ఏదీ రుచించకపోవడం మాత్రం వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. వైద్యులు దీన్ని అన్‌హెడోనియా అంటారు. మెథాంఫెటమైన్ వాడి మానినవారి మెదళ్లను స్కాన్ చేసిన ఒక పరిశోధన 2001లో వచ్చింది. 12 నుంచి 17 నెలలు దూరంగా ఉన్నవారిలో, అంతకుముందు తగ్గిపోయిన ఆ డోపమైన్ ద్వారాలు మళ్లీ పెరిగినట్టు అందులో కనిపించింది. అది మన మాత్రల కంటే మొరటు మందు, కాబట్టి నెలల లెక్క మనకు అతకదు. నేను చూసేది అది వెళ్లిన దిశను.

అందువల్ల కొత్త సూచన ఇది: నచ్చిన చోటు వెతకవద్దు, దగ్గరి చోటుకు వెళ్లండి. ఇంటి గుమ్మం నుంచి అయిదు నిమిషాల్లో చేరగలిగేది ఏదైనా సరే. ఒక చెట్టు, కాస్త మట్టి, కూర్చునే వీలు ఉంటే చాలు. నాకు దొరికింది ఒక పాత ప్రహరీ పక్కన దుమ్ము కొట్టుకుపోయిన వేపచెట్టు. దాని మీద నాకు ప్రేమ కలగడానికి ఏడాది పట్టింది.

‘నచ్చకపోతే ఉపయోగం ఏమిటి?’ అని అడుగుతారు. 2008లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరిని ఒకసారి చెట్ల తోటలో, మరోసారి రద్దీ వీధుల్లో 50 నిమిషాల పాటు నడిపించి, అంకెలను వెనక నుంచి ముందుకు అప్పజెప్పమన్నారు. తోటలో నడిచి వచ్చాక బాగా చెప్పగలిగారు. నాకు పనికొచ్చిన సంగతి తర్వాతిది. గడ్డకట్టే జనవరి చలిలో నడిచినవారు ఆ నడకను పెద్దగా ఆనందించలేదు. ప్రయోజనం మాత్రం వాళ్లకూ అంతే కలిగింది. ఇది మాత్రలు మానుతున్నవారి మీద చేసిన పరిశీలన కాదు, నిజమే. అయినా చెట్టు తన పని చేయడానికి మన మెప్పు కోసం ఆగదని దాన్ని చదివాకే నమ్మాను.

నిద్రపోయినవారికి: మొదటి పది రోజులు ఎక్కడ నిద్ర వచ్చినా పోనివ్వండి, ఒక్కరే ఉన్నప్పుడు భద్రమైన చోటు చూసుకోండి. సాయంత్రం బదులు ఉదయం వెళ్లండి. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వెలుతురు వేల లక్స్‌లలో (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది, ఇంట్లో దీపాల కింద కొన్ని వందలు దాటదు. చెదిరిన నిద్ర గడియారాన్ని సరిచేసేది ఉదయపు వెలుతురే. ఏడుపు వచ్చినవారికి: రానివ్వండి. నీళ్లు, టోపీ, చెప్పుల సంగతి మీకు చెప్పనవసరం లేదు.

ఒక ఉత్తరానికి మాత్రం మెత్తగా జవాబు చెప్పలేను. ‘వైద్యుడికి చెప్పకుండా మందు నేనే ఆపేశాను, ఇక చెట్లే నా వైద్యం’ అని ఒకరు రాశారు. చెట్లు వైద్యం కావు. ఈ మందు ఆగినప్పుడు దిగులు అకస్మాత్తుగా లోతుకు వెళ్లగలదు, చావు ఆలోచనలూ రావచ్చు. అవి వస్తే ఈ పాఠం పక్కన పెట్టి వెంటనే ఒక మనిషికి చెప్పాలి, ఆ రోజే వైద్యుణ్ని చూడాలి. ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవని, కుదురు ఉండని సమస్యకు, వైద్యుడు రాసి ఇచ్చిన మందు వాడుతున్నవారైతే మానాలా, తగ్గించాలా, మార్చాలా అన్నది వైద్యుడితో కలిసి తేల్చుకోవలసిన విషయం. పార్కులో 20 నిమిషాలు నడిచాక ఏడీహెచ్‌డీ పిల్లల ఏకాగ్రత మెరుగైందని 2009లో ఒక పరిశోధన చెప్పింది. ఆ పరిశీలనలో ఉన్నది 17 మంది పిల్లలు. దాన్ని చూపించి మాత్రల డబ్బాను చెత్తబుట్టలో వేయకండి.

ఇక నన్ను నిజంగా విసిగించే ఉచ్చు దగ్గరికి వస్తున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు మోతాదు బుద్ధి.

మాత్ర వేసుకున్న రోజుల్లో మనం చేసిన పని గుర్తు తెచ్చుకోండి. మింగడం, గడియారం చూడటం, ‘ఎక్కిందా?’ అని లోపలికి తొంగి చూడటం, ఎక్కకపోతే ఇంకోటి. మందు పోయినా ఆ తొంగిచూపు పోలేదు. ఇప్పుడు చెట్టు కింద కూర్చుని ఏడో నిమిషంలో ‘పని చేస్తోందా?’ అని అడుగుతున్నారు. చేయకపోతే రేపు అడవికి, ఎల్లుండి జలపాతానికి. ఒకరు వెళ్లే ముందు పదికి ఎన్ని, వచ్చాక పదికి ఎన్ని అని మనసుకు మార్కులు వేసుకున్నారు. ఒకరు అడుగులు లెక్కపెట్టారు. ఒకరు కూర్చున్నంతసేపూ చెవుల్లో విదేశీ భాష పాఠాలు విన్నారు, సమయం వృథా కాకూడదని. ఒకరు పంపిన పట్టికలో పదకొండు నిలువు వరసలున్నాయి, అందులో ఒకటి గాలి వేగం. నవ్వుకోవద్దు, నేనూ ఇదే బాపతు. మానిన మొదటి నెలలో కనిపించిన పక్షులన్నింటినీ నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ని. తొమ్మిదో రోజుకు కొత్త పక్షి రాకపోతే కోపం వచ్చింది. కాకి మీద కోపం! నిన్న వచ్చిన కాకే ఈ రోజూ వచ్చిందని.

దీనికి నేనూ ఆజ్యం పోశాను. రెండో పాఠంలో 120 నిమిషాల సంగతి చెప్పాను కదా. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది సమాధానాల మీద 2019లో వచ్చిన పరిశీలన అది. వారానికి 120 నిమిషాలు, ఆ పైన ప్రకృతిలో గడిపామన్నవారు ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువ, ఆ సమయాన్ని ఎన్ని ముక్కలుగా గడిపినా తేడా లేదు. కారణం ఏదో, ఫలితం ఏదో అది తేల్చలేదు. మీలో ఒకరు ఆ 120 నిమిషాలను ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకేసారి మింగి కళ్లు తిరిగి పడ్డారు. మోతాదు ఇంకా తగ్గించుకుంటూ ఉన్నవారు ముఖ్యంగా వినాలి: ఈ మందులు గుండె వేగాన్ని, ఒంటి వేడిని పెంచుతాయి, అలసటను కప్పిపెడతాయి. ఎండలో ఆ మూడూ కలిస్తే ప్రమాదం. ఆ అంకెను మరచిపోండి.

మరి కూర్చుని ఏం చేయాలి? దాదాపు ఏమీ చేయకూడదు. పట్టుబట్టి పెట్టే ధ్యాస అలసిపోతుందని, ఆకుల కదలిక లాంటివి ఆ ధ్యాసను అడగకుండానే చూపును నిలుపుతాయని, ఆ సమయంలో అలసినది తేరుకుంటుందని రేచల్ కప్లన్, స్టీఫెన్ కప్లన్ దంపతులు 1980లలో వివరించారు. మనం ఏళ్ల తరబడి మాత్రలతో కొరడా ఝళిపించి పరుగెత్తించింది ఆ పట్టుధ్యాసనే. కాబట్టి ‘చెట్టు మీద ఏకాగ్రత’ వద్దు. చూపు ఎక్కడ వాలితే అక్కడ ఉండనివ్వండి.

నా పద్ధతి ఒకటుంది, కావాలంటే తీసుకోండి. మాను వైపు వీపు పెట్టి నేలను చూస్తాను. పెద్ద దృశ్యాలంటే నాకు అనుమానం. కొండలు, సూర్యోదయాలు మన నుంచి ఏదో గొప్ప అనుభూతిని ఆశిస్తున్నట్టు ఉంటాయి, అది రాకపోతే మళ్లీ దిగులు. చీమల బారు ఏమీ ఆశించదు. వెళ్లబుద్ధి కాని రోజుకు ఇంకో దగ్గరి దారి: ముఖం కూడా కడుక్కోకుండా వెళ్లిపోతాను. తయారవడం మొదలుపెడితే ఆగిపోతాను. ఒక్క చోటు మాత్రం తప్పించండి. పరీక్షల రాత్రుల్లో మాత్రలు మింగిన కాలేజీ పచ్చిక లాంటి చోట్లు ఎంత పచ్చగా ఉన్నా ఆ కోరికనే లేపుతాయి.

అభ్యాసం. పద్నాలుగు రోజులు, అదే చోటు, అదే వేళ, 20 నిమిషాలు. ఫోను ఇంట్లోనే. తిరిగి వచ్చాక ఒకే ఒక్క వాక్యం రాయాలి. అందులో ‘నేను’ ఉండకూడదు. ‘బాగుంది’, ‘ప్రశాంతం’, ‘విసుగు’ ఉండకూడదు. ‘ఎండుటాకు కింద నుంచి పురుగు వచ్చింది, మళ్లీ కిందికే పోయింది’ లాంటిది చాలు. పదో రోజున గడియారం కూడా వదిలి, నీడ అంచున ఒక రాయి, దానికి జానెడు అవతల ఇంకో రాయి పెట్టి, నీడ మొదటి దాని నుంచి రెండో దాన్ని చేరేదాకా కూర్చోండి. ఎంతసేపైందో ఇంటికి వచ్చాక కూడా చూడవద్దు. ఒక రోజు తప్పితే మర్నాడు కొనసాగించండి, మొదటి నుంచి లెక్కపెట్టకండి.

పద్నాలుగు వాక్యాలూ నాకు పంపండి. అయిదో పాఠం నడక గురించి. ఈలోగా ఎవరైనా నడిస్తే నడవండి, ఎన్ని కిలోమీటర్లో మాత్రం రాయకండి.